వెంట్రుకలు తూచాం, బచ్చాను తూచామా?



పోయిన నెల చిత్తూరులో మా ఆపా ఇంట్లో అఖీఖా జరిగింది. భాంజీకి తొలి కాన్పు, కొడుకు. ఏడో రోజు పొద్దున్నే హజ్జాం వచ్చి బచ్చా తల గొరిగాడు. ఆ మెత్తటి వెంట్రుకల్ని తెల్ల రుమాలులో మూటగట్టి దుల్హాభాయి చేతికిచ్చారు. ఇద్దరం కలిసి కంసాలి దగ్గరికి వెళ్లాం. గాలి తగిలితే అంకె మారిపోతుందని చుట్టూ అద్దాలు పెట్టిన చిన్న తరాజు అది. కంసాలి ఊపిరి బిగబట్టి వెంట్రుకలు పెట్టాడు. గ్రాము తర్వాత చుక్క, చుక్క తర్వాత ఇంకో రెండంకెలు కూడా చదివి చెప్పాడు. అంత వెండికి ఖీమత్ కట్టి, పైన ఇంకొంత కలిపి, దుల్హాభాయి సద్ఖా పక్కన పెట్టాడు. మంచి పని. హజ్రత్ ఫాతిమా (రజి) తన బిడ్డలకు ఇలాగే చేశారని రివాయత్. తిరుపతిలో కాపురం ఉంటూ తలవెంట్రుకల ముచ్చట ఎత్తాడేమిటని నవ్వకండి. అసలు సంగతి వేరే ఉంది.

తిరిగొస్తూ అడిగాను. "దుల్హాభాయి, బచ్చా పుట్టినప్పుడు ఎంత బరువు?"

"అచ్ఛాఇచ్ హై."

"అచ్ఛా కాదు, కిలోలు చెప్పు."

ఆయనకు తెలియదు. ఇంటికొచ్చి బచ్చా బాప్‌ను అడిగాను, తెలియదు. బచ్చా దాదీ "మాషాఅల్లా అనాలి, నజర్ తగులుతుంది, బరువులు అడగకూడదు" అంది. మా ఆపా "రెండున్నర అన్నారు, కార్డు మీద ఉంది" అంది. కార్డు మీద నిజంగానే 2.5 అని ఉంది. అందరూ దావత్ పనుల్లో పడ్డాక భాంజీ నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. "మామూ, రెండు కిలోల రెండొందల ఎనభై. మిషన్ మీద ఎర్ర అంకెలు నేను చూశా. నర్సమ్మ రెండున్నర రాసింది. అదేంటని అడిగితే, తక్కువ రాస్తే మీ అత్తగారికి బాధ, మాకు రిపోర్టుల బాధ, ఎందుకమ్మా అంది."

ఆస్పత్రి పేరు రాయను. రాస్తే ఒక నర్సమ్మ ఉద్యోగం పోతుంది, అలవాటు పోదు.

ఇదీ మన హాల్. బిడ్డ వెంట్రుకల బరువు పైసాతో సహా హిసాబ్ చేసుకున్నాం. బిడ్డ బరువు మాత్రం ఇంట్లో ఒక్కరికే తెలుసు, ఆ ఒక్కరిని ఎవరూ అడగలేదు.

220 గ్రాములకు ఇంత గొడవా అంటారేమో. రెండున్నర కిలోలు అనేది బేరం ఆడుకునే అంకె కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం పుట్టినప్పుడు 2500 గ్రాముల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ. సరిగ్గా 2500 ఉంటే కాదు. అంటే 2.28ని 2.5 అని రాయడం అంటే ఒక బచ్చాను ఖతరా జాబితాలోంచి కలంపోటుతో బయటికి తోసేయడం. అలాంటి బిడ్డలు మామూలు బరువు బిడ్డల కంటే సుమారు 20 రెట్లు ఎక్కువగా చనిపోతారని ఆ సంస్థా, యూనిసెఫూ కలిసి చెప్పాయి. జాబితాలో ఉంటే ఆశా కార్యకర్త వచ్చి చూసే చూపు వేరు, తల్లికి చెప్పే జాగ్రత్తలు వేరు. 2.5 రాసిన రోజే అవన్నీ కొట్టేసినట్టు.

నేను ఇరవై ఏళ్లుగా రిపోర్టర్‌ని. ఊళ్లలో కాన్పుల రిజిస్టర్లు చాలా తిరగేశాను. బరువు గడి కిందికి చదువుకుంటూ పోతే 2.5, 3, 2.5, 2.5, 3. అల్లా పుట్టించే బిడ్డలు అరకిలో రాళ్లతో తూచినట్టు పుడతారా? ఇది మన జిల్లా బీమారీ ఒక్కటే కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో కూడా 2500, 3000 దగ్గర బరువులు కుప్పలు పడతాయని వాటితో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. 2019-21 సర్వేలో దేశంలో తూచిన బిడ్డల్లో నూటికి 18 మంది తక్కువ బరువు అని వచ్చింది. అంతకుముందు 2015-16లోనూ 18. ఆ 2.5 కుప్ప కింద ఇంకా ఎంతమంది దాక్కున్నారో మీరే అందాజా వేసుకోండి.

ఈ 2500 ఎక్కడి నుంచి వచ్చిందంటే, వందేళ్ల కిందట ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వో యూల్పో అనే పిల్లల డాక్టర్ పట్టుకున్న అంకె. మొదట్లో ఆ గీత కింద పడ్డ బిడ్డలందర్నీ నెలలు నిండనివాళ్లు అనేవారు. 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట మార్చి తక్కువ బరువు అంది. కారణం మనలాంటి ముల్కులే. ఇక్కడ తొమ్మిది నెలలు నిండి కూడా బిడ్డ చిన్నగా పుడుతుంది. త్వరపడి బయటికొచ్చిన బిడ్డ ఒక రకం, టైమ్‌కే వచ్చినా కడుపులో ఆకలితో ఉన్న బిడ్డ ఇంకో రకం. మన భాంజీ కొడుకు 39 వారాలకు పుట్టాడు. వాడు తొందరపడలేదు. మనం వాడికి అందనివ్వలేదు.

ఇక్కడ నాకు కోపం వస్తుంది. అందరికన్నా ముందు నేను ఇల్జాం పెట్టేది ఆస్పత్రి మీద కాదు, మన దస్తర్‌ఖాన్ మీద.

ఏ ఇంటికైనా వెళ్లండి, చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, ఎక్కడైనా. ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత సాస్, చివర్న బహూ. మెహమాన్లు వస్తే బోటీలన్నీ బయటి గదికే. లోపల దేగ్చీ అడుగున మిగిలిన షేర్వాతో అన్నం కలుపుకునే పిల్ల ఎవరయ్యా అంటే ఆరో నెల కడుపుతో ఉన్న కోడలు. ఆమె కోసం ప్రత్యేకంగా పెట్టడం దూరం, పైగా ఒక నసీహత్ కూడా: "ఎక్కువ తినకు, బచ్చా పెద్దదైపోతే ఆపరేషన్ చేస్తారు." బొప్పాయి నక్కో, వేడి. పెరుగు నక్కో, జలుబు. గుడ్డు నక్కో, పైత్యం. మరి ఏం తినాలి? చాయ్, బన్ను.

ఆపరేషన్ డర్ ఉత్తది కాదు, ఒప్పుకుంటాను. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో నూటికి 42 సిజేరియన్లే. తెలంగాణలో నూటికి 60 పైనే. భయపడటానికి కారణం ఉంది. కానీ ఆ కోతలు బచ్చాలు లావుగా ఉండబట్టి పెరగలేదు. పస్తు పెట్టి బిడ్డను చిన్నది చేస్తే కత్తి తప్పుతుందనుకోవడం ఘలత్. కాన్పు సులువు కావడానికి తల్లి ఎముక చక్కగా ఎదగాలి, అది ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తిన్న తిండితో తయారవుతుంది. అప్పుడూ ఆమె భయ్యా తిన్నాకే తింది.

ఇదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో నూటికి 53 మందికి పైగా ఖూన్ తక్కువ. 11 గ్రాముల కింద ఉంటే కడుపుతో ఉన్న మనిషికి రక్తహీనతే. భాంజీకి ఏడో నెలలో 8.6 ఉందని కార్డు మీదే ఉంది, దాన్ని మాత్రం ఎవరూ సవరించలేదు. ఎర్ర మాత్రలు 180 ఇవ్వాలి, ఇచ్చారు. అల్మారాలో సగం అలాగే ఉన్నాయి. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, వేసుకున్న రోజు కూడా చాయ్‌తో వేసుకుందట. చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనం చాయ్ అడుగుతూ కూర్చున్నాం.

ఇక జవాబులు వినండి. బరువు గురించి నోరెత్తితే మన బిరాదరీలో తయారుగా ఉండే జవాబులు.

మొదటిది, "మా ఖాందాన్ అంతే, చిన్న ఒళ్లు." 1997 నుంచి 2003 వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో, అందులో మన ఢిల్లీ కూడా ఒకటి, బాగా తిండి, మంచి ఇల్లు, తల్లిపాలు ఉన్న పిల్లల ఎదుగుదల చూసింది. నార్వే పిల్లలకూ ఒమన్ పిల్లలకూ ఢిల్లీ పిల్లలకూ పొడుగులో పెద్ద తేడా రాలేదు. 2006లో వచ్చిన ఎదుగుదల ప్రమాణాలు దాని మీద కట్టినవే. అమ్మ పొట్టిదైతే బిడ్డ కొంత చిన్నగా పుట్టొచ్చు, నిజం. ఆ అమ్మ ఎందుకు పొట్టిగా ఉండిపోయిందో ఆమె నానీని అడగండి. ఖాందాన్ అని మనం అంటున్నది చాలాసార్లు ఖాందానీ ఆకలి.

రెండోది నా దోస్త్ ఒకాయన, బాగా చదువుకున్నవాడు, వేశాడు. "అరె భాయ్, మన పిల్లలే ఎక్కువ బతుకుతారు, సర్వేలే చెప్పాయి." అబద్ధం కాదు. 1990ల నుంచి 2005-06 దాకా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ముస్లిం తల్లులు పేదవాళ్లైనా, తక్కువ చదివినా, వాళ్ల పిల్లల మరణాలు హిందూ కుటుంబాల కంటే తక్కువగా కనిపించాయి. ఆర్థికవేత్తలు చాలా ఏళ్లు దీని మీద తల పట్టుకున్నారు. డీన్ స్పియర్స్, మైకేల్ జెరూసో అనే ఇద్దరు చివరికి పట్టుకున్న కారణం ఏమిటంటే పాయిఖానా. మన ఇళ్లలోనే కాదు, మన ఇరుగుపొరుగు ఇళ్లలోనూ మరుగుదొడ్డి వాడకం ఎక్కువ, బయటికి వెళ్లడం తక్కువ. తహారత్ పాటించిన మన దాదీలకు సలాం. కానీ ఆ మేలు పుట్టాక దస్తుల నుంచి కాపాడే మేలు. కడుపులో ఉన్న బిడ్డకు పాయిఖానా అన్నం పెట్టదు. ఒక చోట ముందున్నామని ఇంకో చోట హిసాబ్ ఇవ్వక్కర్లేదా?

మూడోది, "బతికితే చాలు, తర్వాత అదే లావెక్కుతుంది." దీనికి కొంచెం పెద్ద జవాబు ఉంది, ఎందుకంటే మన ఇళ్లలో ప్రతి గదిలో ఒక షుగర్ డబ్బా ఉంది, నేను మందుల డబ్బా గురించి అంటున్నాను. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే కౌంటీలో 1911 నుంచి నర్సులు ప్రతి బిడ్డ పుట్టుబరువు, ఏడాది బరువు పెద్ద లెడ్జర్లలో రాశారు. రాయించింది మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆవిడ. డెబ్భై ఏళ్ల తర్వాత డేవిడ్ బార్కర్ అనే డాక్టర్ ఆ లెడ్జర్లు వెతికి పట్టుకుని, ఆ బిడ్డలు ముసలివాళ్లయ్యాక ఏమయ్యారో చూశాడు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో గుండెజబ్బు చావులు ఎక్కువ. షుగర్ ఎక్కువ. అంత దూరం ఎందుకు, మన పక్కన మైసూరులో హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆస్పత్రిలో 1934 నుంచి కాన్పుల పుస్తకాలు జాగ్రత్త చేశారు. అక్కడ పుట్టినవాళ్లను పెద్దయ్యాక వెతికి పరీక్షిస్తే, చిన్నగా పుట్టినవాళ్లలో గుండెజబ్బు ఎక్కువ తేలింది. 1996లో అచ్చయింది. కడుపులో తిండి చాలకపోతే ఒళ్లు తెలివిగా మెదడును కాపాడుకుంటుంది. కోత పడేది కండకు, మూత్రపిండానికి, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌కు. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ చేసిన పరిశోధనలో అక్కడి బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్ బిడ్డలు 3.5. బరువులో అంత తక్కువైనా మన బిడ్డల ఒంటిలో కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు, తగ్గింది కండ. ఆ బక్క బచ్చాకు తర్వాత గ్లూకోజ్ బిస్కెట్లు, డాల్డా మిఠాయిలు కుక్కి "లావెక్కించాం" అని సంబరపడితే నలభైలోపు షుగర్‌కు దావత్ ఇచ్చినట్టే.

గమనించారా, ఆ లెడ్జర్లలో నర్సులు రెండున్నర అని గుండు అంకె రాసి ఉంటే బార్కర్‌కు ఏమీ దొరికేది కాదు.

ఇంకో పక్క నాలుగు కిలోల బచ్చా పుడితే "పహిల్వాన్" అని మిఠాయి పంచుతాం. అదీ సవాలే. తల్లికి కడుపుతో ఉండగా షుగర్ వస్తే బిడ్డ అలా ఉబ్బుతుంది. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష చేయించారా అని అడగండి. బరువు ఎక్కువైతే సెహత్ ఎక్కువ అని కాదు. బరువు అన్నది ఖబర్ తెచ్చే మనిషి లాంటిది. తెచ్చిన ఖబర్ ఏమిటో విని, ఎందుకని అడగాలి. 1971లో అమెరికాలో యెరుషల్మీ అనే శాస్త్రవేత్త, సిగరెట్ తాగే తల్లుల తక్కువ బరువు బిడ్డలు తాగని తల్లుల తక్కువ బరువు బిడ్డల కంటే తక్కువ చనిపోతున్నారని చూపించాడు. అయితే సిగరెట్ మంచిదన్నమాట అని వాదించినవాళ్లూ ఉన్నారు! అసలు సంగతి, తాగని తల్లి బిడ్డ అంత చిన్నగా పుట్టిందంటే లోపల ఇంకేదో పెద్ద ఖరాబీ ఉండే అవకాశం ఎక్కువ. ఒకే అంకె, వేర్వేరు కారణాలు. అందుకే అంకె దాచొద్దు, అంకె చూసి ఆగిపోనూ వద్దు.

ఇక రోజా సంగతి. దీని మీద రాస్తే తిట్లు వస్తాయని తెలుసు, అయినా రాస్తాను. హామిలాకు, పాలిచ్చే తల్లికి రోజా విషయంలో ఛూట్ ఉందని హదీస్ ఉంది. ఇది ఏ డాక్టరో కనిపెట్టింది కాదు. బర్మింగ్‌హామ్‌లో 1964-84 మధ్య పుట్టిన 13 వేలకు పైగా బిడ్డల బరువులు చూస్తే రంజాన్ వల్ల సగటు బరువులో తేడా కనిపించలేదు. మిషిగన్‌లో అరబ్ తల్లుల లెక్కల్లో కొంచెం తగ్గినట్టు తేలింది. కాబట్టి రోజా ఉంటే బచ్చా పాడైపోతుందని నేను అనను. నేను అనేది, ఆ తల్లులకు సహర్‌లో కడుపునిండా తిండి ఉంది. 8.6 ఖూన్‌తో, చిత్తూరు ఎండలో, పదిమందికి ఇఫ్తార్ వండి చివర్న తినే పిల్లకు ఆ లెక్క వర్తించదు. ఆ పిల్ల రోజా వదిలేస్తే "ఆ మాత్రం తాఖత్ లేదా" అని ఎత్తిపొడిచే సాస్‌కు చెప్పండి, అల్లా ఇచ్చిన ఛూట్‌ను గుంజుకునే హక్ ఆమెకు ఎవరిచ్చారని. జుమా బయాన్‌లో ఒక్క అయిదు నిమిషాలు ఈ మస్‌అలా చెప్పమని మస్జిద్ కమిటీలను అడుగుతున్నాను. బయాన్ వినేది మగవాళ్లే. వాళ్లే వినాలి.

నికా కూడా వాళ్లే చదివిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయిందని అదే సర్వే. దేశం సగటు 23. తన ఒళ్లే ఇంకా ఎదుగుతున్న పిల్ల కడుపులో ఇంకో ఒళ్లు పెరగాలంటే ఇద్దరూ ఒక రొట్టె కోసం కొట్లాడుకోవాలి. ఆధార్ కార్డు చూడకుండా రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించే ఖాజీసాబ్‌లకు ఇది తెలియదనుకోను.

హుకూమత్‌ను వదిలేస్తానా? లేదు. గర్భిణులకు తిండి పథకానికి మన రాష్ట్రంలో పేర్లు మారినన్ని సార్లు కూర మారలేదు. ఇందిరమ్మ అమృత హస్తం, అన్న అమృత హస్తం, వైఎస్సార్ సంపూర్ణ పోషణ. గుడ్డు అదే, పాలు అవే. అంగన్‌వాడీకి వచ్చి తినమంటే మన కోడళ్లు రారు, సాస్ పంపదు. ఇంటికిస్తే గుడ్డు కోడలి పేరున వస్తుంది, మరిది పళ్లెంలో తేలుతుంది. ఉర్దూ తప్ప రాని తల్లికి తెలుగులో పోస్టర్ చూపిస్తే ఏం లాభం? ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని, ఈ మాట అనే హక్ నాకుంది. అయితే ఇదంతా అన్నాక కూడా, ఆ గుడ్డును మరిది పళ్లెంలో వేసింది కలెక్టర్ కాదు.

చిత్తూరుకు దగ్గర్లోనే వేలూరు ఉంది. అక్కడ సీఎంసీ ఎలా పుట్టిందో మనవాళ్లకు తెలియాలి. 1890లలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, అందులో ఒకాయన ముసల్మాన్, పాదరీ కూతురు ఐడా స్కడర్ తలుపు తట్టారు. ఇంట్లో భార్యలు కాన్పు నొప్పుల్లో ఉన్నారు. తండ్రి డాక్టరే, ఆయన్ను పంపుతాను అంటే మగ డాక్టర్ వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆ అమ్మాయి డాక్టర్ చదివి వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. అప్పుడు మనకు లేడీ డాక్టర్ లేదన్న బహానా ఉండేది. ఇప్పుడు రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆస్పత్రిలోనే, చూసేది ఎక్కువగా లేడీ డాక్టర్లే, ప్రతి చోటా తరాజు ఉంది. బహానా అయిపోయింది.

నేనేదో పీర్ సాబ్‌లా మాట్లాడుతున్నాననుకోకండి. 2009లో నా కూతురు పుట్టినప్పుడు ఎన్నికల వార్తల్లో తిరుగుతున్నాను. ఎవరో అభ్యర్థికి ఎన్ని వేల మెజారిటీ వచ్చిందో ఇప్పటికీ నోటికి చెప్పగలను. నా బిడ్డ బరువు ఎంత అని ఈ అఖీఖా తర్వాత మా ఆవిడను అడిగాను. ఆమె నా వైపు కాసేపు చూసి, "ఇప్పుడు అడుగుతున్నారా? రెండు కిలోల నూట యాభై" అంది. పదిహేనేళ్ల పైన ఆ అంకెను ఒక్కతే మోసింది.

కాబట్టి అడగండి. కాన్పు గది తలుపు దగ్గర "లడ్కా యా లడ్కీ" తర్వాత రెండో సవాల్ అదే కావాలి. పుట్టిన గంటలోపు తూచిన బరువు, గ్రాములతో సహా. రెండు మూడు రోజులు పోతే ఏ బిడ్డైనా కాస్త తగ్గుతుంది, అది అసలు లెక్క కాదు. తక్కువని తెలిస్తే ఏడవక్కర్లేదు, దాచక్కర్లేదు. బచ్చాను బట్టల్లేకుండా అమ్మ ఛాతీకి ఆనించి కట్టి, మీద దుప్పటి కప్పండి. 1978లో కొలంబియాలో బొగొటా డాక్టర్లు ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి అది. 2021లో అచ్చయిన పరిశోధనలో, మన ఢిల్లీ ఆస్పత్రి కూడా అందులో ఉంది, కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను పుట్టగానే అలా ఉంచితే చావులు నాలుగో వంతు తగ్గాయి. అమ్మ అలసిపోతే బాప్ కట్టుకోవచ్చు. షరమ్ ఏమీ లేదు. అమ్మ మొదటి పాలు పిండి పారేయొద్దు, తేనె, ఘుట్టీ, గ్రైప్ వాటర్ నోట్లో పెట్టొద్దు.

దావత్ రోజు భాంజీ సాస్‌తో నేను గట్టిగానే మాట్లాడాను. మెహమాన్ల ముందు ఏమిటిదని ఆపా నన్ను కసిరింది. ఆ సాయంత్రం సమ్‌ధన్ నాతో మాట్లాడలేదు. కానీ రాత్రి ముందుగా కోడలికే పళ్లెం వెళ్లింది, రెండు బోటీలు, ఒక గుడ్డు. ఆ పళ్లెం అలాగే వెళ్తోందా అని ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాను.

మొన్న ఛిల్లా. ఆశా ఆపా వచ్చి గుడ్డ ఉయ్యాల తరాజుకు బచ్చాను వేలాడదీసింది. 3 కిలోల 310. అఖీఖా ఖర్చులు రాసిన నోటుబుక్కులో వెండి తూకం కింద దుల్హాభాయి అది రాసుకున్నాడు. కార్డు మీద 2.5ను భాంజీ పెన్నుతో కొట్టేసి పక్కన 2.280 అని రాసి పెట్టింది.